తనికి ముందు వాయించేది

అమ్మడూ,

ఉత్తరం అందింది. కోర్వై ముగింపులు చేతికొచ్చాయనీ, పక్కవాయిద్యానికి కూర్చుంటే మాత్రం మృదంగం ఒంటరిగా మోగే తని ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాననీ రాశావు. అందుకే ఈసారి పాఠం పక్కన పెట్టి మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ గారి గురించి రాస్తున్నాను.

ఆయన 1912లో కేరళలోని పళయన్నూరులో పుట్టారు. చాత్తపురం సుబ్బయ్యర్ దగ్గర నేర్చుకుని, మీసాలు రాని వయసులోనే చెంబై వైద్యనాథ భాగవతార్ పక్కన వాయించి మద్రాసు రసికుల చేత శభాష్ అనిపించుకున్నారు. ఆ పేరు చాలనుకోలేదు. తంజావూరు వెళ్ళి వైద్యనాథ అయ్యర్ గారికి శిష్యుడయ్యారు. చప్పట్లు రుచి చూశాక మళ్ళీ గురువు ముందు కూర్చోవడం ఎంత కష్టమో నీకు ముందుముందు తెలుస్తుంది.

పాట బయట తాళం వేసుకుంటూ పోవడం ఆయన పద్ధతి కాదు. కృతి నడక ఆయనకు కంఠతా వచ్చు. గాయకుడు చరణంలో మాటను ఎక్కడ విరుస్తాడో, ఎక్కడ సాగదీస్తాడో ముందే ఎరిగినట్టు చేయి కదిలేది. స్వరం మీద గాయకుడు నిలబడితే కుడిచేయి తగ్గిపోయి ఎడమవైపు గుంకి నాదం ఒక్కటే వినిపించేది. ఒక్కోచోట అదీ ఉండదు, ఊరుకుంటారు. ఆ ఊరుకోవడంలో తాళం చెక్కు చెదరదు. పాల్ఘాటు తమిళుడికి త్యాగయ్య కీర్తనలు అంత లోపలికి దిగాయి. అవి నీ ఇంటి భాషలోనే ఉన్నాయి కదమ్మా! పల్లవి మాటలైనా నేర్చుకోకుండా మృదంగం ముందు కూర్చోకు.

ఇక ఎడమచేయి సంగతి. రవ్వ తడిపి ముద్ద చేసి మృదంగం ఎడమ ముఖమైన తొప్పి మధ్యన అద్దుతావు, కచేరీ అయ్యాక గీకేస్తావు. నీళ్ళు ఎక్కువైతే ముద్ద జారుతుంది, తక్కువైతే ఎండి నాదం బిగుసుకుపోతుంది. సరిగ్గా కుదిరాక మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో చర్మాన్ని నొక్కి జరిపితే గుంకి పుడుతుంది. ఇంత సున్నితమైన నాదాన్ని మైకు మింగేస్తుందని ఆయన బాధ. ఒక దశలో మైకు లేని కచేరీలకే వాయిస్తానని పట్టుబట్టారు. పెద్ద సభల్లో ఆ పట్టు నిలిచేది కాదు. అయినా ఆయన చెవి చెప్పిందే సరైనదని నా నమ్మకం. నువ్వు రోజూ కాసేపు ఎడమచేత్తో మాత్రమే సాధన చెయ్యి.

ఆ నాదం వెనక తంజావూరు పర్లాందు ఉన్నారు. ఆయన దళిత క్రైస్తవుడు, మణి అయ్యర్ మృదంగాలకు మూతలు కట్టినవాడు. ఆవు, మేక, గేదె తోళ్ళు వాసన వస్తుండగా చేత్తో తడిమి ఎంచేది అలాంటివాళ్ళే. వేదిక మీద వాళ్ళ పేరు ఎవరూ చెప్పరు. నీ వాయిద్యం బాగుచేసే మనిషిని పేరుతో పిలువు, పెద్దవాడైతే నమస్కారం పెట్టు.

నువ్వు ఆడపిల్లవి కాబట్టి ఇంకో సంగతీ దాచను. మణి అయ్యర్ చాలాకాలం ఆడవాళ్ళకు పక్కవాయిద్యం వాయించలేదు. అంతటి విద్వాంసుడు కాబట్టి సరే అనడానికి నాకు మనసొప్పదు. డి.కె. పట్టమ్మాళ్ గారి పాట దగ్గర ఆ నియమం సడలింది. తర్వాత ఆయన కూతురు లలిత పట్టమ్మాళ్ ఇంటికే కోడలిగా వెళ్ళింది. ఈనాటి గాయని నిత్యశ్రీ లలిత బిడ్డే.

1966లో మణి అయ్యర్ గారికి సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. మృదంగ విద్వాంసుడికి అది దక్కడం అదే మొదటిసారి. 1971లో పద్మభూషణ్ వచ్చింది. మన రాజమండ్రి కమలాకరరావు గారు ఆయన శిష్యులే. చివరి రోజుల్లో మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ బడిలో కొంతకాలం పిల్లలకు నేర్పారు. అంతటి చేయి చిన్నపిల్లలకు తా, దీ, తోం, నం దిద్దించిందంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. 1981 మే 30న కన్నుమూశారు.

ఆయన వాయించిన పాత కచేరీ రికార్డు ఏదైనా తీసుకో. తనిదాకా పోకు. ఒకే కృతిని సాహిత్యం చేతిలో పట్టుకుని విను, ఆయన వాయించకుండా వదిలేసిన చోట్లకు పెన్సిలుతో సున్నా చుట్టు. వచ్చే ఉత్తరంలో ఆ కాగితం జతచేసి పంపు. అమ్మని అడిగానని చెప్పు.

మీ తాతయ్య