ఫెయిరీ క్వీన్

చమఖండి దగ్గర రైలుపట్టాల పక్కన నిలబడితే హౌరా నుంచి చెన్నై వైపు పోయే బండ్లు కనబడతాయి. ఈనాడు వాటిని కరెంటు ఇంజన్లు లాగుతున్నాయి. పూర్వం ఆవిరి ఇంజన్లు లాగేవి. అవి నల్లటి పొగ వదులుతూ రావడం చూసి మన పెద్దలు రైలును పొగబండి అన్నారు. ఈ దారికి ఒక కొసన ఉన్న హౌరాలో కొలువుచేసి, రెండో కొసన చెన్నైలోని పెరంబూరులో మళ్లీ ప్రాణం పోసుకున్న ముసలి ఇంజను ఒకటుంది. దాని పేరు ఫెయిరీ క్వీన్.

దీనిని 1855లో ఇంగ్లాండులోని లీడ్స్ నగరంలో తయారుచేశారు. ఈస్టిండియన్ రైల్వేలో దీని నంబరు 22. పేరు పెట్టింది మాత్రం 1895లో. అంటే నలభై ఏళ్లు నంబరుతోనే బతికిందన్నమాట!

హౌరా, రాణిగంజ్‌ల మధ్య ఇది తపాలా బండిని లాగేది. పిల్లలూ, దీని నడిమి చక్రాలను చూడండి. ఒక్కొక్కటి దాదాపు 6 అడుగుల ఎత్తు. బొగ్గుమంటకు బాయిలరులో నీళ్లు మరిగి ఆవిరి అవుతాయి. ఆ ఆవిరి సిలిండరులోని పిస్టన్‌ను ముందుకూ వెనక్కూ తోస్తుంది. పిస్టన్ ఒకసారి పోయివస్తే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకే బండి ఎక్కువ దూరం పోతుంది. ఇక్కడ అది సుమారు 19 అడుగులు. అయితే ఆవిరి బలంతో తిరిగేది ఆ ఒక్క జత చక్రాలే. కాబట్టి పట్టాలమీద పట్టు తక్కువ, బరువైన బండిని లాగలేదు. తేలికైన తపాలా బండికి మాత్రం సరిగ్గా సరిపోయింది.

1857 తిరుగుబాటు కాలంలో ఇది సైనికులను మోసింది. తరువాత బీహారులో కొత్త రైలుమార్గాలు వేసే పనికి వెళ్లింది. 1909లో పని మాని, చాలాకాలం హౌరా స్టేషను బయట బొమ్మలా నిలబడింది. 1943లో చందౌసీలోని రైల్వే శిక్షణ పాఠశాలకు, ఆ తరువాత ఢిల్లీ రైలు మ్యూజియానికి చేరింది.

పెరంబూరు కార్మికులు దానిని బాగుచేయగా, 88 ఏళ్ల తరువాత 1997లో మళ్లీ పరుగుతీసింది. యాత్రికులను ఢిల్లీ నుంచి ఆళ్వారుకు తీసుకుపోయింది. 1998లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. కాని 2011లో దొంగలు దాని భాగాలను ఊడదీసుకుపోయారు. అలాంటివి ఏ అంగడిలో దొరుకుతాయి? ఇంజను మళ్లీ పెరంబూరు చేరింది. అక్కడ బాగుపడి 2012 డిసెంబరులో తిరిగి పట్టాలెక్కింది. దీని తోబుట్టువు, 21వ నంబరు 'ఎక్స్‌ప్రెస్', 2010లో నడక నేర్చుకున్నదీ అక్కడే.

ఇప్పుడు ఫెయిరీ క్వీన్ హర్యానాలోని రేవాడీ మ్యూజియంలో ఉంది. మీట నొక్కగానే కదిలే ఇంజను కాదది. పొద్దున్నే బయలుదేరాలంటే కొన్ని గంటల ముందే చీకట్లో లేచి పొయ్యి రాజేయాలి.