దెయ్యం నవల, ప్రేమ నవల, డిటెక్టివ్ నవల: ఎలా చదవాలి? ఎవరికి చెప్పాలి?

మన హాస్టల్లో ఎవరి చేతిలోనైనా నవల కనబడితే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. "ఇది పరీక్షల్లో వస్తుందా?" అని. అడిగినవాళ్ళను తప్పు పట్టనక్కర్లేదు. మనలో చాలామంది ఇళ్ళలో పుస్తకం అంటే పాఠ్యపుస్తకమే. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. మా అమ్మ కొబ్బరి పీచు పనికి వెళ్ళి నన్ను చదివించింది. అటువంటి ఇంటి పిల్ల దెయ్యాల నవల పట్టుకు కూర్చుంటే పెద్దవాళ్ళకు దిగులు కలగడం సహజం.

అయినా ఒక మాట చెప్పక తప్పదు. పీజీలో చేరాక వందల పేజీల పుస్తకాలు ముందు పెడితే భయపడకుండా చదవగలిగానంటే, అందుకు కారణం హాస్టల్లో చదివిన నవలలే. కాబట్టి నవలలు చదవాలా వద్దా అనే వాదన ఇక్కడ చేయను. ఏ నవలను ఎలా చదవాలి, చదివినదాన్ని చెల్లెళ్ళకు ఎలా చెప్పాలి అన్నదే ఈ వ్యాసంలో విషయం.

మూడు రకాల నవలలు

ఇంగ్లీషు పుస్తకాల షాపుల్లో ఇప్పుడు మూడు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి.

మొదటిది పారానార్మల్ రొమాన్స్. అంటే ప్రేమించుకునే ఇద్దరిలో ఒకరు మామూలు మనిషి కాదు. దెయ్యమో, రక్తం తాగే వాంపైరో, దేవకన్యో అయి ఉంటారు. 2005లో వచ్చిన స్టెఫనీ మేయర్ నవల 'ట్వైలైట్' ఈ రకానికి అందరికీ తెలిసిన ఉదాహరణ.

రెండవది అర్బన్ ఫాంటసీ. మనం రోజూ తిరిగే బస్టాండు, పోలీస్ స్టేషన్, కాలేజీ ఉన్న ఊళ్ళోనే మంత్రాలూ మాయలూ జరుగుతాయి. బెన్ ఆరనోవిచ్ రాసిన 'రివర్స్ ఆఫ్ లండన్' 2011లో వచ్చింది. అందులో ఒక మామూలు పోలీస్ కానిస్టేబుల్‌కు లండన్ నగరంలో పారే నదులు మనుషుల రూపంలో ఎదురవుతాయి.

మూడవది కోజీ మిస్టరీ. హత్య జరుగుతుంది కాని నెత్తురు పెద్దగా కనబడదు. చిన్న ఊరు, అందరూ అందరికీ తెలిసినవాళ్ళు. పోలీసు కాని ఒక మామూలు మనిషి తెలివితో దోషిని పట్టుకుంటుంది. అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ అనే ముసలావిడ ఇటువంటిదే. ఆవిడ కనిపించే మొదటి నవల 1930లో వచ్చింది. ఊలు అల్లుకుంటూ, ఊళ్ళో కబుర్లు వింటూ హంతకుణ్ణి కనిపెడుతుంది. మన పేటల్లో అరుగు మీద కూర్చుని ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పగలిగే మామ్మలు లేరా? వాళ్ళలో ఒకరికి డిటెక్టివ్ పని ఇస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇవి మనకు కొత్తవా?

పేర్లు కొత్తవే కాని సరుకు కొత్తది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీ మజిలీ కథలు' పన్నెండు భాగాలు. కాశీకి నడిచి వెళ్తూ ప్రతి మజిలీలో చెప్పుకునే కథలవి. గంధర్వ కన్యలు, శాపాలు, మాయలు, ప్రేమలు అన్నీ వాటిలో ఉన్నాయి. 1947లో మొదలైన 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళ కోసం పిల్లలు నెలనెలా ఎదురుచూసేవారు. సినిమాల్లో చూస్తే 1990లో వచ్చిన 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో ఇంద్రుడి కూతురు ఒక టూరిస్టు గైడును ప్రేమిస్తుంది. దాన్ని పారానార్మల్ రొమాన్స్ అని అప్పుడు ఎవరూ అనలేదు. అంతే తేడా.

అపరాధ పరిశోధన నవలలకు కొమ్మూరి సాంబశివరావు గారి పేరు చెప్పుకోవాలి. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు పేర్లు మన తాతల తరంలో చదువుకున్నవాళ్ళకు ఇప్పటికీ గుర్తే. తర్వాత మధుబాబు గారి 'షాడో' వచ్చాడు. నవ్వుతూ చదివే డిటెక్టివ్ కథ కావాలంటే మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి 'చంటబ్బాయ్' ఉంది. 1986లో జంధ్యాల గారు దాన్ని సినిమాగా తీశారు. కోజీ మిస్టరీకి తెలుగులో దగ్గర చుట్టం ఏదని అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

ఈ నవలల్లో చాలావాటిని జనం కొని చదవలేదు. అద్దె పుస్తకాల షాపులో రోజుకు ఇంత అని ఇచ్చి తెచ్చుకునేవారు. ఒకే పుస్తకం పదిళ్ళు తిరిగేది. ఆ షాపులు ఇప్పుడు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పటి చెల్లెళ్ళు ఫోనులో ప్రతిలిపి వంటి యాప్‌లలో సీరియళ్ళు చదువుతున్నారు. చోటు మారింది కాని చదివే ఆత్రం మారలేదు.

మన రాజోలు రచయిత

ఈ విషయంలో మన కోనసీమకు ప్రత్యేక స్థానం ఉంది. తెలుగులో చేతబడి నవల అనగానే గుర్తొచ్చే 'తులసిదళం' రచయిత యండమూరి వీరేంద్రనాథ్ గారు 1948లో పుట్టింది మన రాజోలులోనే. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో ఈ సీరియల్ వస్తుంటే జనం పత్రిక కోసం ఎగబడి చదివారు. దాని తరువాయి భాగం 'తులసి'. ఆస్తి కోసం తులసి అనే చిన్నపాప మీద చేతబడి చేయిస్తారు. కథలో మంత్రగాళ్ళూ ఉంటారు, డాక్టర్లూ ఉంటారు. పాపకు వచ్చింది జబ్బా, చేతబడా అన్న రెండు సమాధానాలూ పక్కపక్కనే నడుస్తాయి.

ఈ నవలకు ఎంత పేరు వచ్చిందో అంత వ్యతిరేకతా వచ్చింది. ఇది మూఢనమ్మకాలను పెంచుతుందని చాలామంది విమర్శించారు. రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఒక నవలను కాదనడానికి ఇంకో పుస్తకం రాయవలసి వచ్చిందంటే ఆ నవల ఎంత దూరం వెళ్ళిందో అర్థం చేసుకోవచ్చు. వీలైతే రెండూ చదవండి. ఒక రచన మీద ఎలా వాదించాలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

ముగింపును బట్టి గుర్తుపట్టండి

భయపెట్టే నవల ఏదైనా సరే, చివరికి వచ్చేసరికి మూడింటిలో ఒక దారి పడుతుంది.

1. భయం వెనుక మనిషి ఉంటాడు. కానన్ డాయిల్ 1902లో పుస్తకంగా తెచ్చిన 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' ఇందుకు ఉదాహరణ. ఒక వంశాన్ని దెయ్యపు కుక్క వెంటాడుతోందని ఊరంతా నమ్ముతుంది. షెర్లాక్ హోమ్స్ వచ్చి ఆ కథను వాడుకుంటున్నది ఆస్తి మీద ఆశపడిన మనిషి అని తేలుస్తాడు.

2. మాయ నిజంగానే ఉంటుంది. కాశీ మజిలీలు, ట్వైలైట్ ఈ రకం. ఇది కల్పన అని రచయితకూ తెలుసు, మనకూ తెలుసు. హాయిగా చదువుకోవచ్చు.

3. రెండిటిలో ఏదో తేల్చి చెప్పరు. 'తులసిదళం' ఈ రకం. మూడింటిలో ఎక్కువ ఉత్కంఠ ఉండేది దీనిలోనే. ఎక్కువ జాగ్రత్తగా చదవవలసింది కూడా దీన్నే. ఎందుకంటే పుస్తకం మూసేశాక కూడా "ఏమో, నిజమేనేమో" అన్న అనుమానం మిగిలిపోతుంది.

ఆ అనుమానం ఎందుకు ప్రమాదం?

మా పేటలో ఒంటరిగా బతికే ఒక ముసలమ్మ ఉండేది. నేను ఇంటర్ చదివే రోజుల్లో పక్కవీధి బాబుకు జ్వరం వచ్చి పది రోజులైనా తగ్గలేదు. ముసలమ్మ వాడి వంక అదోలా చూసిందని ఒకరు అన్నారు. రాత్రిపూట ఆమె ఇంట్లో దీపం వెలుగుతోందని ఇంకొకరు అన్నారు. సాయంత్రానికల్లా పదిమంది ఆమె గుమ్మం ముందు చేరారు. ఆ సమయానికి ఆశా కార్యకర్త వచ్చి, బాబును ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. రక్తపరీక్ష చేస్తే టైఫాయిడ్ అని తేలింది. మందులు వాడాక బాబు లేచి తిరిగాడు. గుమ్మం ముందు చేరినవాళ్ళలో ఒక్కరు కూడా ముసలమ్మకు క్షమాపణ చెప్పలేదు. ఆ తర్వాత ఆమె చాలా రోజులు వీధి కుళాయి దగ్గరకు రాలేదు.

చేతబడి, బాణామతి అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన సంఘటనలు తెలుగు ప్రాంతాల్లో జరిగాయి. ఆ అనుమానం ఎక్కువగా ఎవరి మీద పడుతుందో గమనించండి. ఒంటరి ఆడవాళ్ళ మీద, ముసలివాళ్ళ మీద, పేదవాళ్ళ మీద పడుతుంది. అంటే మనవాళ్ళ మీదే. కాబట్టి నవలలో మంత్రగాడిని చూసి భయపడండి, ఆ భయంలోని ఆనందాన్ని పొందండి. కాని ఆ భయాన్ని పుస్తకంలోంచి మన వీధిలోకి తీసుకురాకండి.

ప్రేమ నవలలకు కూడా ఇదే వర్తిస్తుంది. 'ట్వైలైట్'లో హీరో, హీరోయిన్‌కు తెలియకుండా రాత్రిపూట ఆమె గదిలోకి వచ్చి నిద్రపోతుంటే చూస్తాడు. పుస్తకంలో దాన్ని గొప్ప ప్రేమ అంటారు. మన బస్టాపులో ఒక అబ్బాయి ఇష్టం లేకపోయినా రోజూ వెంటపడితే అది ప్రేమ కాదు, వేధింపు. ఈ తేడా తెలిసిన చెల్లి ఎన్ని ప్రేమ నవలలు చదివినా నష్టం లేదు.

చదివే పద్ధతి

స్టడీ అవర్ ముగిశాక రోజుకు ఇరవై పేజీలు చాలు. మొదటి నెల తెలియని మాట దగ్గర ఆగకండి. కథను బట్టి అర్థం అదే తెలుస్తుంది. డిటెక్టివ్ నవల అయితే సగానికి వచ్చాక ఆగి, దోషి ఎవరని మీకు అనిపిస్తోందో, ఎందుకో నోట్‌బుక్ చివరి పేజీలో రాయండి.

ఒకసారి మా గదికి వచ్చిన డిటెక్టివ్ నవలలో చివరి పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. మేము నలుగురం నాలుగు ముగింపులు చెప్పుకున్నాం. ఎవరు చెప్పినా "ఆధారం ఏదీ? ఏ పేజీలో ఉంది?" అని మిగతా ముగ్గురూ నిలదీసేవారు. పుస్తకం అసలు ముగింపు నాకు ఈనాటికీ తెలియదు. కాని ఆధారం చూపకుండా మాట అనకూడదన్న అలవాటు మాత్రం ఆ వారంలోనే పట్టుబడింది.

తెలుగులో చేయి తిరిగాక ఇంగ్లీషుకు వెళ్ళండి. మొదటి ఇంగ్లీషు నవలగా అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ 1998లో రాసిన 'ది నంబర్ 1 లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ' మంచిది. మాటలు తేలిక. ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో ఒక ఆవిడ తండ్రి మిగిల్చిన పశువులను అమ్మి, ఆ డబ్బుతో డిటెక్టివ్ ఆఫీసు పెడుతుంది. పశువులను అమ్మి చదువులకు ఫీజు కట్టిన ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఆ కథ పరాయిదిగా అనిపించదు.

మరొకరికి చెప్పే పద్ధతి

"సూపర్‌గా ఉంది, చదువు" అంటే సరిపోదు. ఈ అయిదు విషయాలు గుర్తుంచుకోండి.

1. ముందు వినండి. ఆమెకు ఏ సినిమా నచ్చింది, దేనికి భయపడుతుంది అని అడగండి. అప్పుడు పుస్తకం పేరు చెప్పండి.

2. వయసు చూడండి. ఏడో తరగతి చెల్లికి చందమామ కథలు చాలు. తులసిదళం ఇంటర్ దాటాక చదవవచ్చు.

3. ఇందులో ఏముందో దాచకండి. హింస ఉందా, చిన్నపిల్లల బాధ ఉందా ముందే చెప్పండి. ఈమధ్యే ఇంట్లో మరణం చూసిన అమ్మాయికి దెయ్యం నవల ఇవ్వకండి. ఆమెకు చంటబ్బాయ్ ఇవ్వండి.

4. ముగింపు మాత్రం చెప్పకండి. దోషి పేరు చెప్పేస్తే పుస్తకం లాక్కున్నట్టే.

5. చదివాక మాట్లాడండి. "నీకు నిజమనిపించిందా? ఎందుకు?" అని ఒక్క ప్రశ్న అడగండి. అనుమానం మిగిల్చే పుస్తకం ఇచ్చినప్పుడు ఈ ప్రశ్న అడిగే బాధ్యత ఇచ్చినవాళ్ళదే.

పూర్వ విద్యార్థులైన అక్కలకు ఒక మనవి. మీ ఇళ్ళలో అటక మీద ఉన్న పాత నవలలను చిత్తుకాగితాల వాడికి వేయకండి. లోపలి అట్ట మీద పై అయిదు విషయాలకు తగ్గట్టు నాలుగు మాటలు రాసి మన హాస్టల్‌కు ఇవ్వండి. ఒక ట్రంకుపెట్టె చాలు, లైబ్రరీ మొదలవుతుంది.

చెల్లెళ్ళకు ఇంకో మాట. లండన్ రచయిత తన ఊరి నదులను మనుషులుగా చేసి నవల రాశాడు. మనకు ఒకవైపు గౌతమి, ఇంకోవైపు వశిష్ఠ, మధ్యలో వైనతేయ ఉన్నాయి. పడవ రేవులు, కొబ్బరితోటలు, వరద నీళ్ళు, లంక ఊళ్ళు ఉన్నాయి. మన పేటల మామ్మలు డిటెక్టివ్‌లుగా, మన నదులు మనుషులుగా ఉన్న నవల నేనింతవరకు చదవలేదు. మీలో ఎవరైనా రాస్తే, వచ్చే వార్షికోత్సవ సంచికలో ఒక అధ్యాయం అచ్చు వేయమని నేనే దగ్గరుండి అడుగుతాను. అది ఎవరికి చదవమని చెప్పాలో కూడా నాకు ముందే తెలుసు. మొదట మా అమ్మకు చదివి వినిపిస్తాను.