పాఠం 9: తెలిసిన ముఖం – రూపచిత్రం, ఊరి ప్రదర్శన



ఇంతకుముందు పాఠాల్లో మీరు కుండను, చెట్టును, వీధి మలుపును గీశారు. కుండ మూతి కాస్త వంకర పోయినా ఎవరూ పట్టించుకోరు. అలాంటి కుండ కూడా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. మనిషి ముఖం విషయంలో ఈ వెసులుబాటు లేదు. మీ వీధి చివర టీ కొట్టు నడిపే ఆయన బొమ్మ గీసి గోడకు తగిలించారనుకోండి. కళ్లు నూలుపోగంత దగ్గరగా పడినా చాలు, చూసినవారు "ఇదెవరు?" అని అడుగుతారు. వారికి బొమ్మ గీయడం రాకపోవచ్చు. ఆ ముఖం మాత్రం ఇరవై ఏళ్లుగా తెలుసు.

ఈ పాఠం చదివి, ఇందులోని పనులు చేసిన తరువాత మీరు ఎదుట కూర్చున్న మనిషిని చూసి రూపచిత్రం గీయగలుగుతారు. చిన్న ఫోటో నుంచి పెద్ద బొమ్మ వేసేటప్పుడు వచ్చే ఇబ్బందులను గుర్తించగలుగుతారు. మీ ఊళ్లోనే ఒక చిన్న ప్రదర్శన ఏర్పాటు చేయగలుగుతారు. రూపచిత్రాన్ని మన ఊళ్లలో చాలామంది పోర్ట్రెయిట్ అనే అంటారు. ఈ పాఠంలో రెండు మాటలూ వాడుతున్నాం.

మీలో కొందరు దుకాణాల బోర్డులు రాసే పనిలో ఉండవచ్చు. కొందరు ఇంటి పనులు ముగించుకుని రాత్రిపూట ఈ పుస్తకం తెరుస్తూ ఉండవచ్చు. ఖరీదైన సామగ్రి అక్కరలేదు. 2బి, 6బి పెన్సిళ్లు, రబ్బరు, కార్ట్రిడ్జ్ కాగితం, గట్టి అట్ట, నాలుగు క్లిప్పులు ఉంటే సరిపోతుంది.

9.1 పోలిక

ముఖం గీయమంటే కొత్తవారిలో చాలామంది కళ్లను నుదుటి దగ్గరకు జరిపేస్తారు. కారణం సులభమే. మన చూపు కళ్ల మీద, ముక్కు మీద, నోటి మీద నిలుస్తుంది. జుట్టు కింద ఉన్న తల భాగాన్ని మనసు లెక్కలోకి తీసుకోదు. నిజానికి పెద్దవారి ముఖాన్ని ఎదురుగా చూసినప్పుడు, కళ్లు తల మొత్తం ఎత్తులో దాదాపు సగం దగ్గర ఉంటాయి. నమ్మకం కలగకపోతే అద్దం ముందు నిలబడి స్కేలుతో కొలవండి: నడినెత్తి నుంచి కళ్ల వరకు ఎంత, కళ్ల నుంచి గడ్డం కొస వరకు ఎంత? చిన్నపిల్లల్లో కళ్లు ఈ సగం గీతకు ఇంకా కిందుగా ఉంటాయి. అందుకే పిల్లవాడి ముఖాన్ని పెద్దవారి కొలతలతో గీస్తే బొమ్మ ముసలితనంగా కనిపిస్తుంది.

రెండు కళ్ల మధ్య సుమారు ఒక కన్ను పట్టేంత దూరం ఉంటుంది. చెవులు దాదాపు కనుబొమల నుంచి ముక్కు కింది అంచు వరకు వస్తాయి. ఈ కొలతలు అందరికీ వర్తించే సగటు కొలతలు మాత్రమే. వీటితో గీస్తే ఒక మనిషి ముఖం వస్తుంది, ఫలానా మనిషి ముఖం రాదు. ఫలానా మనిషిని పట్టుకోవాలంటే, ఈ సగటుకు ఆయన ముఖం ఎక్కడ ఎంత తేడాగా ఉందో చూడాలి. పై పెదవి పొట్టిదా? ఒక కనుబొమ రెండోదానికంటే పైకి ఉందా? నవ్వకపోయినా నోటి మూలలు పైకి తిరిగి ఉన్నాయా? ఆ రెండు మూడు తేడాలు పట్టుబడితే పోలిక దానంతట అదే వస్తుంది. వెంట్రుకలు ఒక్కొక్కటిగా గీసినంత మాత్రాన పోలిక రాదు.

పాఠ్యగత ప్రశ్న 1: మీ ఇంట్లో ఇద్దరి ముఖాలను పరిశీలించండి. సగటు కొలతలకు ఒక్కొక్కరి ముఖంలో ఉన్న రెండేసి తేడాలను మాటల్లో రాయండి. బొమ్మ గీయకండి.

9.2 రాజమహేంద్రవరంలో ఒక ప్రయత్నం

చిత్రకళ పెద్ద నగరాల విద్య అని, ప్రదర్శనలు అక్కడివారికే అని చాలామంది అనుకుంటారు. పాశ్చాత్య పద్ధతిలో చిత్రకళ నేర్పే పాఠశాలలు మన దేశంలో మొదట పెద్ద నగరాల్లోనే వచ్చిన మాట నిజమే. మద్రాసు కళాపాఠశాల 1850లో, బొంబాయిలోని సర్ జె.జె. కళాపాఠశాల 1857లో మొదలయ్యాయి. అయితే గోదావరి ఒడ్డున ఉన్న ఒక పట్టణం కథ కూడా మీరు తెలుసుకోవాలి.

దామెర్ల రామారావు 1897లో రాజమహేంద్రవరంలో పుట్టారు. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాలుగా ఉండేవారు. ఆయన స్వయంగా చిత్రకారుడు. ఆసక్తి ఉన్న కుర్రవాళ్లను వెంటబెట్టుకుని ఆరుబయటకు తీసుకువెళ్లి, కళ్లెదుట కనిపించేదాన్ని గీయించేవారు. తరువాతి కాలంలో నవలాకారుడిగా పేరు పొందిన అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుల్లో ఒకరు. రామారావును బొంబాయి జె.జె. కళాపాఠశాలకు పంపడంలో కూల్డ్రే ప్రోత్సాహం ఉంది. అక్కడ చదువు 1920లో ముగిసింది. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన చిత్రానికి బహుమతి వచ్చింది.

ఇంత పేరు వచ్చిన యువకుడు ఆ తరువాత ఏం చేశారో చూడండి. సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టి, తోటివారిని కూడగట్టి, ఆంధ్రదేశంలో చిత్రకళ కోసం ఒక సంఘం నడిపారు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆయనకు తోడు నిలిచారు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేశారు. స్త్రీలు బొమ్మలు వేసి పదిమందికి చూపడం అంత సులభం కాని రోజులవి.

1925 ఫిబ్రవరిలో మశూచి సోకి రామారావు మరణించారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. బొంబాయి చదువు ముగిశాక ఆయనకు దక్కినవి అయిదేళ్లకు లోపే. అయినా ఆయన మొదలుపెట్టిన పని ఆగలేదు. వెంకటరత్నం, ఇతర మిత్రులు పాఠశాలను కొనసాగించారు. రామారావు పేరిట రాజమహేంద్రవరంలో చిత్రశాల ఏర్పడింది. మీరు అటు వెళ్తే తప్పక చూడండి. నూనె రంగుల పెద్ద చిత్రాలతోనే ఆగకండి. పెన్సిలుతో వేసిన అభ్యాస చిత్రాల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. నేర్చుకునేవారికి పూర్తయిన చిత్రం కంటే అవే ఎక్కువ చెబుతాయని ఈ పాఠ్య రచయిత అభిప్రాయం.

9.3 ఎదుట కూర్చున్న మనిషి

మీ మొదటి పోర్ట్రెయిట్ కోసం ఓపిక ఉన్న మనిషిని ఎంచుకోండి. ఇంటి పెద్దవారు మంచి ఎంపిక. ముఖం మీది ముడతలు చూపుకు పట్టు ఇస్తాయి. పైగా వారు కదలకుండా కూర్చోగలరు. ఒక పక్క కిటికీ ఉన్న గదిలో కూర్చోబెట్టండి. వెలుగు ఒకవైపు నుంచే పడితే ముక్కు నీడ, చెంప వంపు స్పష్టంగా తెలుస్తాయి. పైన ట్యూబులైటు వెలుగుతుంటే ఆర్పేయండి.

20 నిమిషాలు కూర్చోబెట్టి 5 నిమిషాలు విరామం ఇవ్వండి. లేచే ముందు కుర్చీ కాళ్ల దగ్గర సుద్దతో గుర్తు పెట్టండి. మళ్లీ కూర్చున్నప్పుడు కుర్చీ జరిగి ఉంటే నీడలన్నీ మారిపోతాయి. మొదటి 20 నిమిషాల్లో కళ్లు, పెదవులు పూర్తిచేయాలని తొందరపడకండి. తల ఎటు వంగింది, మెడ భుజాల మీద ఎలా నిలిచింది అన్నది ముందు తేల్చండి. మనకు బాగా తెలిసిన మనిషిని వీధి చివర నుంచి, కళ్లూ ముక్కూ కనిపించనంత దూరం నుంచే గుర్తుపడతాం కదా! తల నిలిచే తీరులోనే సగం పోలిక ఉంది.

ఇంకొక సంగతి. కూర్చున్నవారితో మాట్లాడుతూ గీయండి. మాట ఆగితే ముఖం బిగుసుకుంటుంది. ఫోటో తీయించుకుంటున్నట్టు పెట్టిన ముఖం ఆ మనిషిది కాదని ఇంట్లోవారు వెంటనే పట్టేస్తారు.

9.4 ఒక్కటే ఫోటో ఉన్నప్పుడు

ఊళ్లలో పోర్ట్రెయిట్ వేసేవారికి ఎక్కువగా వచ్చే పని, చనిపోయినవారి బొమ్మ. బోర్డులు రాసే చిత్రకారులు ఎందరికో ఒకప్పుడు ఇది రెండో ఆదాయం. 2000 తరువాత ఫ్లెక్సీలు, కంప్యూటర్ ముద్రణ వచ్చి ఈ పని చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఒక తల్లి ఓటరు గుర్తింపు కార్డు తెచ్చి, "మా ఆయనది ఇదొక్కటే ఉంది బాబూ, కాస్త నవ్వుతున్నట్టు వేయి" అని అడగవచ్చు. ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన కోరిక ఇదే. మీరు ఆయనను ఎన్నడూ చూడలేదు. ఆమె ఆయనతో ముప్పై ఏళ్లు బతికింది. మీ బొమ్మను సరిచూసేది ఆమె.

లెక్క వేసి చూడండి. ఫోటోలో ముఖం ఎత్తు 3 సెం.మీ. ఉందనుకుందాం. మీరు వేయవలసింది 30 సెం.మీ. అంటే పది రెట్లు. ఫోటో మీద మీ కొలత 1 మిల్లీమీటరు తప్పితే, బొమ్మలో అది 1 సెం.మీ. అవుతుంది. పెదవి ఒక సెంటీమీటరు పక్కకు జరిగిన ముఖాన్ని ఆ ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు? అందుకే గళ్ల పద్ధతి వాడతారు. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద 5 మిల్లీమీటర్ల గళ్లు గీసి ఫోటో మీద పరచండి. బొమ్మ కాగితం మీద 5 సెం.మీ. గళ్లు లేత గీతలతో గీయండి. ఒక్కొక్క గడిలో ఉన్నదాన్ని దానికి సరిపోయే గడిలోకి మార్చండి. ఫోటో మీద నేరుగా పెన్సిలు పెట్టకండి. ఆ ఇంటికి అదొక్కటే మిగిలింది.

గళ్లు కొలతలను కాపాడతాయి కానీ వెలుగునీడలు ఇవ్వలేవు. కార్డుల మీది ఫోటోలు ఎక్కువగా ఎదురుగా వెలుగు పెట్టి తీసినవి. వాటిలో ముఖం పలకలా చదునుగా ఉంటుంది. అప్పుడు ఇంట్లోవారిని, "ఆయన పోలిక ఏ బిడ్డకు వచ్చింది?" అని అడగండి. ఆ కొడుకునో కూతురినో కిటికీ పక్కన కాసేపు కూర్చోమనండి. చెంప ఎముక మీద వెలుగు ఎలా పడుతోందో, నవ్వినప్పుడు కళ్ల కింద ఎక్కడ మడత వస్తోందో చూసుకోండి. కొలతలు ఫోటో నుంచి, నీడలు బిడ్డ ముఖం నుంచి తీసుకోవచ్చు. నవ్వును మాత్రం చాలా తక్కువగా, నోటి మూలల్లోనే ఉంచండి. పళ్లు కనిపించే నవ్వును ఊహించి వేస్తే ఆ మనిషి వేరే మనిషి అయిపోతాడు.

డబ్బు మాట కూడా ముందే తేల్చుకోవాలి. కాగితం, ఫ్రేము ఖర్చు, పట్టే గంటలు లెక్క వేసి ధర చెప్పండి. సగం ముందుగా తీసుకోండి. దుఃఖంలో ఉన్న ఇంటితో బేరమాడటం ఇద్దరికీ ఇబ్బంది. అందుకే ధర మొదటి రోజునే స్పష్టంగా ఉండాలి.

పాఠ్యగత ప్రశ్న 2: ముఖం ఎత్తు 2.5 సెం.మీ. ఉన్న ఫోటో నుంచి 20 సెం.మీ. ముఖం వేయాలి. ఫోటో మీద 5 మిల్లీమీటర్ల గడి తీసుకుంటే కాగితం మీద గడి ఎంత ఉండాలి?

9.5 కలిసి గీయడం

ఒంటరిగా గీసేవారికి తమ అలవాట్లు తమకు కనిపించవు. ఒకరు ప్రతి ముక్కునూ సన్నగా గీస్తారు. మరొకరు ప్రతి ముఖాన్నీ గుండ్రంగా గీస్తారు. నలుగురైదుగురు కలిసి ఒకే మనిషిని గీసే శిబిరం దీనికి మంచి మందు. వర్క్‌షాపు అనగానే పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. పాఠశాల సెలవు రోజున ఒక తరగతి గది దొరికితే సరిపోతుంది. మధ్యలో ఒకరిని కూర్చోబెట్టి, చుట్టూ చేరి గీయండి. చివర బొమ్మలన్నీ గోడ వారగా వరుసగా నిలబెట్టండి. ఎవరి బొమ్మ బాగుంది అనే చర్చ వద్దు. "మీ బొమ్మలో నుదురు ఎందుకు ఎత్తుగా ఉంది?" వంటి ప్రశ్నలు వేసుకోండి. కింద కూర్చుని చూసినవారికి గడ్డం పెద్దగా, నిలబడి చూసినవారికి నుదురు పెద్దగా కనిపించి ఉంటాయి. ఈ సంగతి పుస్తకంలో చదివిన దానికంటే అక్కడ చూస్తే బాగా గుర్తుంటుంది.

కూర్చున్న మనిషికి కూలి గానీ, కనీసం భోజనం గానీ ఇవ్వండి. రెండు గంటలు కదలకుండా కూర్చోవడం కూడా పనే.

9.6 ఊరివాళ్ల ముందు

ప్రదర్శనకు శాఖా గ్రంథాలయం హాలు, పాఠశాల వరండా ఏదైనా పనికివస్తుంది. ఎండ నేరుగా పడే గోడ వద్దు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 150 సెం.మీ. ఎత్తులో ఉండేలా తగిలించండి. అన్నిటికీ ఫ్రేములు కట్టించడం భారమైతే తెల్లటి అట్ట మీద అతికించి, తాడుకు క్లిప్పులతో వేలాడదీయండి. ఫ్యాను గాలికి ఊగకుండా కింద కూడా ఒక తాడు కట్టండి. బొగ్గుతో వేసిన బొమ్మలు చేయి తగిలితే చెరిగిపోతాయి. వాటిపై ఫిక్సేటివ్ అనే ద్రవాన్ని ఆరుబయట చల్లి, ఆరనిచ్చి తీసుకురండి.

ప్రతి బొమ్మ కింద చిన్న చీటీ మీద పేరు, దేనితో వేశారు, కొలత, వేసిన సంవత్సరం రాయండి. అమ్మదలిస్తే ధర కూడా రాయండి. పోర్ట్రెయిట్ అయితే ఆ మనిషి అనుమతి లేకుండా గోడకు పెట్టకండి. తన ముఖం నలుగురిలో ఉండటం ఇష్టం లేనివారు ఉంటారు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఇంట్లోవారినే కాదు, ఆ పిల్లనూ అడగాలి.

ఇక చూసేవారు వస్తారు. "అచ్చం ఫోటోలా ఉంది" అనే మాట మీకు ఎక్కువగా వినిపిస్తుంది. అది మెప్పే, కాదనడం లేదు. కానీ దాని నుంచి మీరు నేర్చుకునేది కొంచెమే. "ఆయన ఇంత కోపంగా ఉండడే" అని ఎవరైనా అంటే అక్కడ ఆగండి. ఏ గీత వల్ల కోపం వచ్చిందని వెతకండి. సాధారణంగా అది కనుబొమల మధ్య నీడ ఎక్కువైన తప్పు. అరచేత్తో బొమ్మలో కళ్లను మూసి నోరు చూడండి, నోరు మూసి కళ్లు చూడండి. తేడా ఎక్కడుందో తెలుస్తుంది. పెద్దలు మొహమాటానికి బాగుందంటారు, పిల్లలు అనరు. ఆరేడేళ్ల పిల్లవాడికి బొమ్మ చూపి, పేరు చెప్పకుండా "ఎవరు?" అని అడగండి. ఆ వీధి పిల్లవాడైతే ఇంకా మంచిది.

పాఠ్యాంత పని

మీ వీధిలో అందరికీ తెలిసిన ఒకరిని, వారి అనుమతితో, కిటికీ పక్కన కూర్చోబెట్టి రెండు విడతలుగా (20 నిమిషాలు, మళ్లీ 20 నిమిషాలు) గీయండి. ఆ బొమ్మను పేరు చెప్పకుండా అయిదుగురికి చూపండి. వారిలో ఒకరు పదేళ్ల లోపు పిల్లలై ఉండాలి. ఎంతమంది గుర్తుపట్టారు, గుర్తుపట్టనివారు ఏమన్నారు అన్నది వారి మాటల్లోనే రాయండి. తరువాత అదే మనిషిని మళ్లీ గీయండి. రెండు బొమ్మలనూ, ఆ మాటలు రాసిన కాగితాన్నీ మీ అధ్యయన కేంద్రంలో ఇవ్వండి. మొదటి బొమ్మను చించకండి.

పాఠ్యగత ప్రశ్న 2కు జవాబు: 4 సెం.మీ.