తేమ తాగిన ఎపాక్సీ: చేయవలసినవి – చేయకూడనివి

వేట నుంచి వచ్చిన ఫైబర్ పడవ రెండు రోజులు ఎండలో ఉంటే పైకి ఆరినట్టే కనిపిస్తుంది. కానీ దానికి వేసిన ఎపాక్సీ అతుకు లోపల తడి అలాగే ఉండవచ్చు. గట్టిపడిన ఎపాక్సీ రకాన్ని బట్టి తన బరువులో 1 నుంచి 5 శాతం దాకా నీరు పీల్చుకుంటుంది. ఆ నీరు అణువుల గొలుసుల మధ్య చేరి వాటి పట్టు సడలిస్తుంది. ఒక శాతం నీటికే రెజిన్ మెత్తబడే ఉష్ణోగ్రత సుమారు 10 నుంచి 20 డిగ్రీలు పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగానే తోచే అతుకు మండుటెండలో, ఇంజిన్ పక్కన లొంగిపోయేది అందుకే. ఆరబెడితే ఈ మెత్తదనం చాలావరకు పోతుంది. గాజుపోగుకూ రెజిన్‌కూ మధ్య ఊడిన పట్టు మాత్రం తిరిగి రాదు.

చేయవలసినవి

• మరమ్మతుకు ముందు నాణెంతో తట్టి చూడండి. ఖణేల్‌మనాల్సిన చోట మొద్దుగా మోగితే పొరలు విడిపోయాయని అనుమానించాలి.
• పాత అతుకును నిదానంగా, 50 డిగ్రీలు దాటని వేడితో ఆరబెట్టండి. అదే రకం, అంతే తడిసిన తునకను పక్కనే ఉంచి రోజూ తూచండి. బరువు తగ్గడం ఆగితేనే ఆరినట్టు లెక్క.
• అతికే ఉపరితలం మంచు బిందువు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కంటికి కనిపించని చెమ్మ పడుతుంది.
• వానాకాలంలో గట్టిపడిన పూత మీద జిడ్డు పొర తేలితే ముందు మంచినీళ్లతో కడిగి, ఆరాకే ఉప్పుకాగితం పట్టండి.
• నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు వాడండి. అరగదీసేటప్పుడు దుమ్ము ఆపే మాస్కు తప్పనిసరి.
• రెజిన్‌ను గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చేయకూడనివి

• తడి అతుకు మీద హీట్ గన్ పెట్టవద్దు. లోపలి నీరు ఆవిరై పొరలను ఉబ్బిస్తుంది, ఒక్కోసారి చీలుస్తుంది.
• వాన ముసురులో త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోయవద్దు. మిగిలిన హార్డెనర్ అతుకును బలహీనపరచి, తేమను మరింత పీలుస్తుంది.
• కలిపిన రెజిన్‌ను లోతైన డబ్బాలో ఉంచవద్దు. తనంతట తానే కాగి పొగలు కక్కుతుంది. వెడల్పాటి పళ్లెంలో పలచగా పరచండి.
• హార్డెనర్ డబ్బా మూత తెరిచి ఉంచవద్దు. గాలిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు దాన్ని పాడుచేస్తాయి.
• చర్మానికంటిన రెజిన్‌ను థిన్నర్‌తో తుడవవద్దు. సబ్బునీళ్లతో కడగండి. ఒకసారి ఎపాక్సీ పడకపోవడం మొదలైతే, ఆ తర్వాత కొద్దిగా తగిలినా దద్దుర్లు లేస్తాయి.
• ఒక మిశ్రమం తట్టుకుందని ఇంకొకటీ తట్టుకుంటుందనుకోవద్దు. రబ్బరు కలిపినదీ, పలచన చేసినదీ, మామూలు రెజినూ తేమకు ఒకే తీరుగా లొంగవు.

చేత్తో తాకి ఆరిందనుకోవద్దు. తూకం చెప్పాకే కొత్త పూత కలపండి.