సీతమ్మ పాదాలలోని పద్మరేఖలు

జహీరాబాద్ సమీపాన ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరస్వామిని దర్శించి, అమృతగుండం వద్ద కూర్చున్న వేళ ఒక తల్లి తన కుమార్తెతో వచ్చి నన్ను అడిగింది: "పంతులుగారూ, మా బిడ్డకు కాలి బొటనవేలు కంటె పక్కవేలు పొడుగున్నదని పెండ్లివారు వెనుకకు పోయిన్రు. శాస్త్రంల అట్ల ఉన్నదా?"

ఉన్నదనే చెప్పాను. క్రీ.శ. 6వ శతాబ్దినాటి వరాహమిహిరుని బృహత్సంహితలో పురుషలక్షణాలకు, కన్యాలక్షణాలకు వేర్వేరు అధ్యాయాలున్నాయి. ఆ వేలి ప్రస్తావనా అందులోనిదే. గరుడపురాణమూ సాముద్రికాన్ని చెప్పింది. లేదని ఆమెను ఊరడించడం అసత్యమవుతుంది.

అయితే వాల్మీకి మహర్షి ఈ శాస్త్రాన్ని రెండు తావుల పరీక్షకు పెట్టాడు. సుందరకాండ 35వ సర్గలో సీతమ్మ రాముని గుర్తులు చెప్పమంటుంది. హనుమ కమలాలవంటి కన్నులని ఒక్కమాట అని, వెంటనే ఆయన ఓర్పును, స్వజనరక్షణను, ధర్మరక్షణను వర్ణిస్తాడు. విశాలమైన భుజాలు, శంఖంవంటి మెడ, అవయవాల కొలతలు ఆ తరువాతనే.

రెండవది యుద్ధకాండ 48వ సర్గ. ఇంద్రజిత్తు బాణబంధంలో పడియున్న రామలక్ష్మణులను రాక్షసులు పుష్పకం మీదినుండి సీతమ్మకు చూపిస్తారు. తన పాదాలలో పద్మరేఖలున్నవి, కనుబొమలు కలియలేదు, దంతాలు ఎడములేనివి. వైధవ్యం లేదన్న లక్షణవేత్తలందరూ అసత్యవాదులైనారా అని ఆమె విలపిస్తుంది. అప్పుడు త్రిజట సీతమ్మ శరీరాన్ని చూడలేదు. రాముని ముఖకాంతి తగ్గలేదని, వానరసేన నాయకుని కోల్పోయిన సేనవలె చెదరలేదని, భర్తను పోగొట్టుకున్న స్త్రీని పుష్పకం మోయదని చెప్పింది. పద్మరేఖలు చివరకు నిజమే పలికాయి. కాని ఆ గడియలో సీతమ్మను నిలబెట్టినది త్రిజట చూపు.

ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది. ముప్పది ఏండ్ల క్రితం ఒక సంబంధం గురించి అడిగితే, అమ్మాయికి కనుబొమలు కలిసినవని నేనే తల అడ్డంగా ఊపాను. సంబంధం తప్పిపోయింది. ఆ ఇంటివారు నేటికీ శుభకార్యాలకు నన్ను పిలుస్తారు. నేనే వెళ్ళలేను.

ఈ మాటా ఆ తల్లితో చెప్పాను. ఆమె చాలాసేపు గుండంలోని నీటివైపు చూచి, సర్గ సంఖ్య మరల అడిగింది. పక్కనున్న ఆ పిల్లే అర్చన రసీదు వెనుక 48 అని వ్రాసుకున్నది.