వీథినాటకమున సువార్త

ప్రశ్న: తప్పిపోయిన కుమారుని కథను మా సంఘ యువకులు సంతలో ఆడదలచినారు. ఎట్లు ఆడవలెను?

జవాబు: ఇంగ్లండులోని యార్కు నగరమున, 14వ శతాబ్ది నుండి 16వ శతాబ్ది వరకు, వృత్తి సంఘములవారు బండ్లపై బైబిలు కథలు ప్రదర్శించిన కాలమున, నోవహు ఓడను కట్టు ఘట్టము ఓడలు నిర్మించువారికే అప్పగింపబడెను; అట్లే మీరును పశువుల కాపరి పాత్రను ఆ పని ఎరిగినవానికే ఇండు. లూకా సువార్త 15వ అధ్యాయములోని ఈ కథకు ప్రాణము తండ్రి పరుగు. కావున ఆ వృద్ధుడు పంచె ఎగగట్టి, చెప్పులు జారిపోవుచుండగా, ప్రేక్షకుల నడుమనుండియే మౌనముగా పరుగెత్తి కుమారుని కౌగిలించుకొనవలెను. ఆ వెంటనే ఉపన్యాసమునకు దిగుట, నా దృష్టిలో, ఆ కౌగిలిని చెరుపుటయే. అలిగి వాకిట నిలిచిన పెద్ద కుమారుని మాత్రము విడువకుడు. అతడు లోనికి వచ్చెనో లేదో సువార్తయే చెప్పలేదు. పరమత దూషణ ఒక్కమాటయైనను తగదు. పోలీసు అనుమతి ముందుగా పొందుడు.