గొలుసు రంపమునకు వేరొక నమూనా క్రాంకుషాఫ్టు

చైన్‌సా అనబడు గొలుసు రంపపు క్రాంకుషాఫ్టు అరిగినప్పుడు, వేరొక నమూనాదానిని అమర్చిన చాలునని కొందరు సభ్యులు తలచుచుందురు. బేరింగులలో ఇమిడినంత మాత్రమున అది సరిపోయినట్లు కాదు. ముందు కొలత, పిమ్మట బిగింపు అనునదే నేటి పాఠము.

సిలిండరు వ్యాసము 44 మిల్లీమీటర్లు, పిస్టను నడక 32 మిల్లీమీటర్లు అనుకొందము. యంత్ర పరిమాణము సుమారు 48.7 ఘన సెంటీమీటర్లగును. 34 మిల్లీమీటర్ల నడక గల షాఫ్టును వేసినచో అది 51.7 అగును. బలము పెరుగునని సంతసింతుము. కాని కనెక్టింగు రాడ్డు పొడవు మారనిచో పిస్టను పైకి 1 మిల్లీమీటరు, క్రిందికి 1 మిల్లీమీటరు అధికముగా పోవును. పైన ఖాళీ అంత లేనిచో సిలిండరు తలను కొట్టును. టూ స్ట్రోకు యంత్రములో గాలిద్వారములను తెరచి మూయునది పిస్టనే గావున ఆ వేళలును మారును.

కావున ప్లగ్గు రంధ్రమున మెత్తని సోల్డరు తీగను సిలిండరు గోడ తాకునట్లు దూర్చి, షాఫ్టును చేతితో మెల్లగా ఒక చుట్టు త్రిప్పవలెను. అడ్డుపడినచో బలవంతము చేయరాదు. నలిగిన తీగ మందమే మిగిలిన ఖాళీ. ఫ్లైవీలు కూర్చుండు వాలును, దాని చీలగాడియు కూడ సరిచూడవలెను. అవి కలియనిచో నిప్పురవ్వ వేళ తప్పును.

ఇవి కుదరనిచో సొంత నమూనా భాగమునే కొనుట మేలు. సంఘపు రంపము పలువురి సొత్తు. ఒకరి తొందరవలన అది పగిలినచో నష్టము అందరిదియు, గాయము పట్టినవానిదియు అగును.